ఎర్ర నూనె గొట్టాలు: పాత ఆటోమేటిక్ కార్ల మరమ్మతులో ఎవరికీ పట్టని భాగం

పాత కారును బాగుచేయించుకునే వాళ్ల ఖర్చుల చిట్టాలు దాదాపు అన్నీ ఒకే తీరున ఉంటాయి. ముందు రంగు, తరవాత క్రోమ్ పూత, సీట్ల తోలు, ఆపైన ఇంజను. గేర్‌బాక్సు వంతు వచ్చేసరికి డబ్బులైనా అయిపోతాయి, లేదంటే ‘నడుస్తోందిగా, దాని జోలికెందుకు’ అనిపిస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నుంచి రేడియేటర్ దాకా వెళ్లి తిరిగివచ్చే రెండు సన్నని నూనె గొట్టాల పేరు ఆ చిట్టాలో కనిపించడం అరుదు. పాత ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సులు అర్ధాయుష్షుతో పోవడానికి ఉన్న కారణాల్లో ఈ గొట్టాల వాటా తక్కువేమీ కాదు. వీటిని ఎప్పుడు మార్చాలి, రబ్బరు వేయాలా ఉక్కు వేయాలా, ఏ రబ్బరు, ఏ క్లిప్పు అనే ప్రశ్నల మీద మెకానిక్కుల్లో తరాలుగా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిని వరుసగా పరిశీలించాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే: కంపెనీ వేసి పంపిన నలభై ఏళ్లనాటి గొట్టం కంటే, మధ్యలో ఎవరో దొరికిన రబ్బరుతో వేసి పంపేసిన అతుకు గొట్టమే ఎక్కువ ప్రమాదకరం.

అసలు గేర్‌బాక్సు నూనెను చల్లబరచాల్సిన అవసరం ఎందుకొచ్చింది? మాన్యువల్ గేర్ల కారులో ఈ బెడద లేదు. అంబాసిడర్‌కు గానీ, ప్రీమియర్ పద్మినికి గానీ ఇలాంటి గొట్టాలు లేవు. జనరల్ మోటార్స్ 1939 చివర్లో తెచ్చిన హైడ్రామాటిక్‌తో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్ల మీద, పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చింది. తరవాత 1948లో బ్యూయిక్ డైనాఫ్లో టార్క్ కన్వర్టర్‌ను జనానికి అలవాటు చేసింది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను తిప్పే రెక్కలకూ, గేర్లను తిప్పే రెక్కలకూ మధ్య లోహపు అతుకు ఉండదు. నూనె ఒకదాని నుంచి తోసుకొచ్చి రెండోదాన్ని తిప్పుతుంది. ఈ తోపుడులో కొంత శక్తి జారిపోయి వేడిగా మారుతుంది. ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదిలేటప్పుడు, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, వెనక బరువు లాగేటప్పుడు ఆ జారుడు పెరిగి వేడి ఒక్కసారిగా ఎక్కువవుతుంది. పైగా ఆ నూనె ఒక్క పనికే పరిమితం కాదు. క్లచ్ ప్లేట్లను బిగించే ఒత్తిడి అదే, వాల్వులను నడిపేది అదే, గేర్లకు, బుష్‌లకు తడి అందించేదీ అదే. అది మాడితే అన్ని పనులూ ఒకేసారి చెడతాయి. నూనె సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని అమెరికా మెకానిక్కులు ఒక మోటు లెక్క చెబుతారు. అంకె అటూఇటూ అయినా దాని దిశ మాత్రం నిజం.

కన్వర్టర్‌లో వేడెక్కిన నూనె ఒక గొట్టం ద్వారా రేడియేటర్ అడుగు తొట్టిలోనో, పక్క తొట్టిలోనో ఉన్న చిన్న కూలర్‌కు వెళుతుంది. చుట్టూ ఉన్న నీటికి వేడినిచ్చి రెండో గొట్టం ద్వారా తిరిగి వస్తుంది. తిరిగొచ్చిన నూనె నేరుగా అడుగు పళ్లెంలోకి పోతుందని చాలామంది అనుకుంటారు. 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400 వంటి గేర్‌బాక్సుల్లో అది ముందు గేర్లకు, బుష్‌లకు తడినిచ్చాకే పళ్లెంలోకి జారుతుంది. కాబట్టి గొట్టం మూసుకుపోయినా, పగిలినా పోయేది చల్లదనం ఒక్కటే కాదు, లోపలి భాగాలకు అందాల్సిన తడి కూడా ఆగిపోతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు 20 సెకన్లకు దాదాపు ఒక లీటరు నూనె ఈ గొట్టాల్లోంచి ప్రవహించాలన్నది షాపుల్లో వాడే కొలమానం. అంటే నిమిషానికి మూడు లీటర్లు. పళ్లెంలో ఉండేది నాలుగు లీటర్ల చిల్లర. గొట్టం తెగితే గేర్‌బాక్సు ఖాళీ అవడానికి ఎంతసేపు పడుతుందో పాఠకులే లెక్కవేసుకోవచ్చు. దానికి మంట భయం తోడు. ఈ నూనె ఆవిరి సుమారు 200 డిగ్రీల దగ్గర అంటుకునే స్థితికి వస్తుంది. బరువు మీద నడిచిన ఇంజను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ 400 డిగ్రీలు దాటుతుంది. చాలా కార్లలో ఈ గొట్టాలు దాని పక్కనుంచే వెళతాయి.

రబ్బరు ఎలా పాడవుతుందో తెలిస్తే తక్కిన వాదాలు సగం తేలిపోతాయి. నైట్రైల్ రబ్బరు నూనెకు తట్టుకుంటుంది గానీ ఏళ్ల తరబడి వేడి తగిలితే గట్టిపడుతుంది. దాన్ని మెత్తగా ఉంచే పదార్థాలను నూనె కొద్దికొద్దిగా లాగేస్తుంది. గాలిలోని ఓజోన్ పైపొరను వంపుల దగ్గర, అంటే రబ్బరు సాగి ఉన్న చోట, సన్నని చీలికలుగా చీలుస్తుంది. క్లిప్పు కింద నలిగిన రబ్బరు తిరిగి లేచే గుణం కోల్పోతుంది. అందుకే మొదటి లీకు గొట్టం మధ్యలో కాకుండా కొసల దగ్గర మొదలవుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు చెమ్మగిల్లి, వేడెక్కగానే ఆగిపోతుంది కూడా. యజమాని ‘అదే ఆగిపోయిందిలే’ అని ఊరుకుంటాడు. ఇంతకన్నా మోసకరమైన లోపం ఇంకొకటి ఉంది: లోపలి పొర విడిపోయి నాలుకలా వేలాడటం. బయట చుక్క కారదు, గొట్టం కంటికి నిక్షేపంలా కనిపిస్తుంది, లోపల మాత్రం దారి సగం మూసుకుపోయి ఉంటుంది. అందువల్ల ‘చూసి బాగుంటే ఉంచేద్దాం’ అనే పద్ధతిని నేను ఒప్పుకోలేను. వయసు తెలియని రబ్బరు గొట్టాన్ని, అది ఎంత నునుపుగా కనిపించినా, మార్చేయడమే సరైన పని.

లీకు ఎక్కడిదో కనిపెట్టడంలోనూ పొరపాట్లు ఎక్కువే. కారు పరుగులో ఉండగా ముందు కారిన నూనెను గాలి వెనక్కి తోస్తుంది. తీరా చూస్తే గేర్‌బాక్సు అడుగు పళ్లెం అంతా తడిసి ఉంటుంది. పళ్లెం గ్యాస్కెట్ మారుస్తారు, తరవాత ముందు సీలు మారుస్తారు, దానికోసం గేర్‌బాక్సునే దింపుతారు. లీకు మాత్రం అలాగే ఉంటుంది. కింది భాగమంతా కడిగి, ఆరబెట్టి, కాసేపు నడిపి, అన్నిటికంటే ముందున, పైన ఉన్న తడిచోటు వెతకాలి. ఆటోమేటిక్ నూనెకు ఎర్రరంగు కలిపేది కూడా దాన్ని ఇంజను ఆయిలు నుంచి వేరుగా గుర్తుపట్టడానికే. పాతబడి మాడిన నూనె గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఇక ఉక్కా, రబ్బరా అన్న పాత తగువు. 1960ల అమెరికా కార్లలో చాలావాటికి గేర్‌బాక్సు నుంచి రేడియేటర్ దాకా మొత్తం ఉక్కు పైపే. 5/16 అంగుళం లేదా 3/8 అంగుళం పైపును వంపులు తిప్పి, ఇంజను ఊగినా ఆ వంపులే సర్దుకునేలా వేశారు. మెర్సిడెస్ డబ్ల్యూ123 వంటి కార్లలో ఉక్కు పైపులకు మధ్యన రబ్బరు ముక్కలను లోహపు కట్లతో అదిమి బిగించారు. 1976 నుంచి 1980ల మధ్య దాకా సుమారు 27 లక్షల దాకా తయారైన ఆ కార్లు ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతున్నాయి, అంటే వాటి రబ్బరు ముక్కలు కూడా నలభై ఏళ్లు దాటుతున్నాయి. ఊగే ఇంజనుకూ, కదలని రేడియేటర్‌కూ మధ్య ఆ రబ్బరు పని ఊపును మింగడం. రబ్బరంటే భయపడి అక్కడ నేరుగా ఉక్కు పైపు బిగిస్తే, ఆ ఊపంతా పోయి రేడియేటర్ కూలర్ అతుకు మీద పడుతుంది. అలాగే అమెరికా కారులో ఉక్కు పైపు ఎక్కడో తుప్పుపట్టి కారిందని, దాన్ని కోసి ఒక మూర పొడుగు రబ్బరు తొడగడం కూడా తప్పే. కారు రూపొందించినవాళ్లు ఊగుదల ఎక్కడ ఉండాలని నిర్ణయించారో అక్కడే ఉంచాలి, రబ్బరు పొడవు వీలైనంత తక్కువగా ఉండాలి.

రాగి గొట్టం వేస్తామనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సులువుగా వంగుతుందని వాళ్ల వాదన. అదే పనిగా అదురుతూ ఉంటే రాగి గట్టిపడి చీలుతుంది, కాబట్టి ఆ పని వద్దు. స్టెయిన్‌లెస్ ఉక్కు మీద మోజు కూడా అర్థం చేసుకోదగ్గదే, తుప్పు పట్టదు, మెరుస్తుంది. కాకపోతే అది మామూలు ఉక్కు కంటే గట్టిది. కొసన విప్పార్చిన ఫ్లేరు నట్టు గూట్లో మెత్తగా కూర్చోదు, ఎంత బిగించినా చెమ్మగిల్లే ప్రమాదం ఉంది. ప్రదర్శనకు పెట్టే కారుకైతే సరే, రోడ్డెక్కే కారుకు పూత వేసిన మామూలు ఉక్కు పైపు చాలు.

రబ్బరు ఎంపికలో జరిగేంత అన్యాయం ఇంకెక్కడా జరగదు. ఒక షాపులో హీటర్ గొట్టం కోసి తొడుగుతారు. హీటర్ గొట్టాలు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. నీటికి, వేడికి అది దివ్యంగా నిలబడుతుంది, నూనె తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడి క్లిప్పులోంచి జారిపోతుంది. ఇంకో షాపులో పెట్రోలు గొట్టం వేస్తారు. దాని లోపొర నూనెకు ఓర్చుకుంటుంది కాబట్టి కొన్నాళ్లు గడుస్తుంది. ఆ కొన్నాళ్లు గడవడమే దాని మీద లేనిపోని నమ్మకం పెంచింది. అది పెట్రోలు కోసం చేసినది, మరిగే నూనె దానిలో గంటల తరబడి తిరుగుతుందని ఎవరూ లెక్కవేసి చేయలేదు. మూడో షాపువాళ్లు జేసీబీ, ట్రాక్టరు పనులకు వాడే హైడ్రాలిక్ గొట్టం చూపించి, ‘ఇది వందల బార్ల ఒత్తిడికి ఆగుతుంది, మీ గేర్‌బాక్సు ఎంత’ అంటారు. వాళ్లు చెప్పే ఒత్తిడి నిజమే. కూలర్ గొట్టంలో ఉండేది సాధారణంగా కొన్ని బార్ల ఒత్తిడి మాత్రమే. చూడాల్సింది వేడిని. మామూలు హైడ్రాలిక్ గొట్టాల్లో చాలావాటి పరిమితి 100 డిగ్రీలు. కన్వర్టర్ నుంచి బయటికొచ్చే నూనె ఘాట్ రోడ్డు మీదో, మే నెల ట్రాఫిక్‌లోనో ఆ గీత దాటగలదు. కాబట్టి ఒత్తిడి అంకె చూసి గొట్టం కొనడం తప్పు కొలతతో కొనడమే.

దీనికోసమే ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది: ఎస్‌ఏఈ జె1532. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ గొట్టాల కోసమే రాసిన ప్రమాణం అది. ఆ అక్షరాలు ముద్రించి ఉన్న గొట్టం ధర మామూలు గొట్టం కంటే ఎక్కువే. అయినా ఒక కారుకు కావాల్సింది మహా అయితే రెండు మూడు అడుగులు. ఇంతకు మించి కావాలనుకునే వాళ్లకు లోపల టెఫ్లాన్, పైన ఉక్కు అల్లిక ఉన్న గొట్టాలు ఉన్నాయి. అవి 200 డిగ్రీలు దాటినా చలించవు. వాటికి రెండు లోపాలు: ఇరుకు వంపులో మడతపడితే ఇక పనికిరావు, పైనున్న అల్లిక తనకు తగిలిన ప్రతిదాన్నీ రంపంలా కోస్తుంది. నా లెక్కన రోడ్డు మీద తిరిగే పాత కారుకు జె1532 గొట్టమే తగినది. పందేల కారుకు టెఫ్లాన్ వేసుకోవచ్చు.

క్లిప్పుల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ గొట్టాలు ఊడేది అక్కడే. బ్యాండు పొడవునా పళ్ల గాట్లు కోసి ఉండే మామూలు స్క్రూ క్లిప్పు బిగించేకొద్దీ ఆ గాట్లు రబ్బరులోకి దిగి కోస్తాయి. అంచులు పైకి మడిచి, గాట్లు లేకుండా చుట్టూ సమంగా అదిమే ఇంజెక్షన్ రకం క్లిప్పులు మేలు. అవి ఎంత మంచివైనా పైపు కొస నున్నగా ఉంటే ప్రయోజనం లేదు. కొసన చుట్టూ ఉబ్బిన అంచు ఉండాలి, క్లిప్పు ఆ అంచుకు లోపలి పక్కన కూర్చోవాలి. కోసిన ఉక్కు పైపు మీద అంచు తీయకుండానే రబ్బరు తొడిగి రెండు క్లిప్పులు వేసి ‘రెండేశాంలే’ అనుకోవడం ఆత్మవంచన. మెర్సిడెస్ తరహా అదిమిన కట్లున్న గొట్టాలకైతే దారి వేరు. పాత పైపును దాచుకుని, కట్టును జాగ్రత్తగా కోసి తీసి, లోపలి ముక్కు మీద గాటు పడకుండా చూసి, క్రింపింగ్ యంత్రం ఉన్న షాపులో కొత్త రబ్బరు అదిమించుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల హైడ్రాలిక్ గొట్టాలకు రోజూ చేసే పనే అది. చెయ్యి తిరిగిన పనివాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర లేనిది సరైన రబ్బరు. దాన్ని మనమే తెచ్చి ఇవ్వాలి.

పనిలో దిగాక గేర్‌బాక్సులను, రేడియేటర్లను కాపాడే జాగ్రత్తలు రెండున్నాయి. మొదటిది రేడియేటర్ దగ్గర రెండు పానాలు వాడటం. ఒకటి రేడియేటర్‌కు అతికిన ఇత్తడి ముక్కును కదలకుండా పట్టుకోవాలి, రెండోది, ఫ్లేరు నట్టుకు సరిపోయే అడ్డకోత ఉన్న ఆరు మూలల పానా, పైపు నట్టును తిప్పాలి. ఒక్క పానాతో బలం పెడితే ముక్కు తిరిగి, తొట్టి లోపలున్న కూలర్ అతుకు చిట్లుతుంది. అప్పుడు రేడియేటర్ నీళ్లు గేర్‌బాక్సులోకి, నూనె నీళ్లలోకి పోయి రెండూ కలిసి గులాబీ రంగు చిక్కటి పాలలా మారతాయి. నీళ్లు, వాటిలో కలిపే గ్లైకాల్ తగిలిన క్లచ్ ప్లేట్ల కాగితపు పొర జిగురు వదిలేస్తుంది. రెండోది మరలకు సంబంధించినది. టర్బో హైడ్రామాటిక్ 350, 400 గేర్‌బాక్సుల అల్యూమినియం కేసులో ఈ గొట్టాలు దిగే రంధ్రాల మర నిలువుది. మార్కెట్లో సులువుగా దొరికేది కొసకు పోయేకొద్దీ సన్నబడే పైపు మర. అది కూడా ఎక్కుతుంది, కారకుండా ఇంకో చుట్టు బిగిస్తారు, కేసు చీలుతుంది. కొన్ని రూపాయల ఫిట్టింగు కోసం గేర్‌బాక్సు కేసే పోతుంది. నిలువు మర ఫిట్టింగును సీలు వాషరుతో వేయాలి. ఫ్లేరు కీళ్ల మీద తెల్ల టేపు చుట్టే అలవాటు కూడా మానాలి. అక్కడ లీకు ఆపేది మర కాదు, విప్పారిన కొస. టేపు ముక్క లోపలికి పోతే సన్నని దారుల్లో ఇరుక్కుంటుంది.

మిగిలినవి అందరికీ తెలిసినవే, అందరూ చేయనివి. కారు చల్లారాలి, స్టాండ్ల మీద నిలబెట్టాలి, ఒట్టి జాకీ మీద ఉన్న కారు కిందకు ఎవరూ దూరకూడదు. విప్పిన ప్రతి కొసకూ మూత పెట్టాలి. కొత్త గొట్టం ఎగ్జాస్ట్‌కు, ఫ్యానుకు, స్టీరింగ్ కడ్డీలకు దూరంగా నడవాలి, ఫ్యాక్టరీ వేసిన క్లిప్పులన్నీ తిరిగి వేయాలి.

కూలర్ గురించి ఒక చరిత్ర గుర్తుచేయాలి. ఒకప్పటి ఆటోమేటిక్ నూనెల్లో క్లచ్ నునుపు కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక వచ్చిన డెక్స్‌రాన్ 2 నూనె తొలి రకం, కూలర్లలోని టంకాన్ని తినేయడం మొదలుపెట్టింది. తుప్పును ఆపే మందులు కలిపిన తరువాతి రకంతో ఆ బెడద తగ్గింది. ఆ కాలపు రేడియేటరే ఇంకా కారులో ఉంటే, గొట్టాలు కొత్తవి వేసే ముందు కూలర్‌ను కూడా ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. గేర్‌బాక్సు ఒకసారి మాడి బాగుపడిన కారైతే ఆ కూలర్ నిండా పాత క్లచ్ పొడి ఉంటుంది. దాన్ని కడగకుండా కొత్త గొట్టాలు వేస్తే ఆ పొడి కొత్తగా బాగుచేసిన గేర్‌బాక్సులోకే చేరుతుంది. విడిగా ముందుభాగంలో గాలి కూలర్ పెట్టుకోవాలా అన్న ప్రశ్నకు నా జవాబు: బరువు లాగే కారుకు, కొండ ప్రాంతపు కారుకు తప్పక, మిగతావాటికి రేడియేటర్ కూలర్ ఆరోగ్యంగా ఉంటే చాలు. కొత్త కూలరంటే ఇంకో నాలుగు కీళ్లు, ఇంకో నాలుగు లీకు అవకాశాలు.

నూనె తిరిగి నింపేటప్పుడు కారు పుస్తకం చెప్పిన రకమే పోయాలి. ఫోర్డ్ పాత గేర్‌బాక్సులకు చెప్పిన టైప్ ఎఫ్‌కూ, డెక్స్‌రాన్‌కూ క్లచ్ పట్టులో తేడా ఉంది. మట్టం చూడటంలో కూడా కంపెనీకో పద్ధతి ఉంది. జనరల్ మోటార్స్, మెర్సిడెస్ కార్లలో నూనె వేడెక్కాక, ఇంజను తిరుగుతుండగా పార్క్‌లో ఉంచి చూడాలి. క్రైస్లర్ పాత టార్క్‌ఫ్లైట్‌లో న్యూట్రల్‌లో పెట్టాలి, ఎందుకంటే పార్క్‌లో దాని కన్వర్టర్‌కూ, కూలర్‌కూ నూనె అందదు. తక్కువ చూసి ఎక్కువ పోయడం కూడా హానే. గేర్లు నూనెను చిలికి నురగ చేస్తాయి. నురగతో ఒత్తిడి నిలబడదు.

తెలుగు నేల మీద ఇలాంటి కార్లు కొద్దే. మన మెకానిక్కులు తరాలుగా చేతులు కాల్చుకుని నేర్చుకున్నదంతా మాన్యువల్ గేర్ల మీద కాబట్టి, దిగుమతైన పాత ఆటోమేటిక్ కారు గ్యారేజీకి వస్తే ఈ గొట్టాల సంగతి యజమానే తెలుసుకుని అడగాలి. అమెరికాలో పాత మస్టాంగులు, చెవ్రొలేలు కొనుక్కునే మనవాళ్ల సమస్య వేరు. అక్కడ సరైన సరుకు దొరుకుతుంది, అనుభవమూ దొరుకుతుంది. అయితే పాత యజమాని ఏం వేశాడో తెలియని కారు వాళ్ల చేతికొస్తుంది. మంచు ప్రాంతాల్లో రోడ్లపై చల్లే ఉప్పు వల్ల కిందనున్న ఉక్కు పైపులు లోపలి నుంచి కాకుండా పైనుంచి తుప్పుపట్టి ఉంటాయి. ఎక్కడి కారైనా కొనేముందు రంగును, క్రోమ్‌ను చూసే సమయంలో ఒక టార్చిలైటు పట్టుకుని రేడియేటర్ కిందికి వంగి, ఆ రెండు గొట్టాల్లో రబ్బరు ఉన్నచోట దాని మీది అక్షరాలు చదవండి. రబ్బరు మీద అక్షరాలు లేకపోతే, ఉన్నా అవి ట్రాన్స్‌మిషన్ కూలర్ గొట్టానివి కాకపోతే, ఆ కారును నడుపుకుంటూ ఇంటికి తీసుకురావద్దు. ముందు గొట్టాలు మార్పించండి.